కారణం వేరు, నేరం వేరు: అతిగా పనిచేసే థైరాయిడ్‌పై ఒక తాత్త్విక విచారణ

మెడ ముందు భాగంలో, శ్వాసనాళాన్ని ఆనుకుని, రెక్కలు విప్పిన సీతాకోకచిలుక ఆకారంలో ఉండే చిన్న గ్రంథి థైరాయిడ్. పెద్దవారిలో దాని బరువు సుమారు 15 నుంచి 25 గ్రాములు. ఈ గ్రంథి అవసరానికి మించి హార్మోన్ తయారు చేసి రక్తంలోకి వదలడాన్ని హైపర్‌థైరాయిడిజం అంటారు. వాడుకలో 'థైరాయిడ్ ఎక్కువైంది' అనేది దీన్నే. గుండె దడ, చేతుల వణుకు, ఎంత తిన్నా తగ్గిపోయే బరువు, ఉక్కపోత, నిద్రలేమి దీని లక్షణాలు. వీటితో పాటు చిరాకు, ఆందోళన, క్షణానికొకలా మారే మనసు కూడా వస్తాయి. ఒంటిలోని జబ్బు మనిషి స్వభావంలా కనిపించడం మొదలవుతుంది. అక్కడే రెండు పాత ప్రశ్నలు తలెత్తుతాయి. ఈ రోగం నాకే ఎందుకు వచ్చింది? ఇలా మండిపడుతున్నది నేనా, నా గ్రంథా?

ఈ ప్రశ్నలను క్రమంగా విచారించడానికి భారతీయ చింతనలోనే ఒక చక్కని చట్రం ఉంది. పతంజలి యోగసూత్రాలకు వ్యాసుడి పేరున ఉన్న భాష్యం వైద్యశాస్త్రానికి నాలుగు అంగాలు చెబుతుంది: రోగం, రోగహేతువు, ఆరోగ్యం, భైషజ్యం. మోక్షశాస్త్రం కూడా ఇదే వరుసలో నడుస్తుందని, సంసారం, దాని హేతువు, మోక్షం, దానికి ఉపాయం అనేవి దాని నాలుగు అంగాలని అంటుంది. బుద్ధుడి నాలుగు ఆర్యసత్యాల నిర్మాణమూ ఇంతే. రోగాన్ని చూసిన వెంటనే మందు దగ్గరికి గానీ, విధి దగ్గరికి గానీ దూకకుండా మధ్యలో 'హేతువు' అనే మెట్టును తప్పనిసరి చేయడం ఈ చట్రం గొప్పతనం. ఆ మెట్టు మీద నిలబడి చూస్తే, రోగానికి కారణం వెతకడమూ రోగి మీద నేరం మోపడమూ పూర్తిగా వేరు వేరు పనులని తెలుస్తుంది.

రోగం

థైరాయిడ్ గ్రంథి ఆహారంలోని అయోడిన్‌ను పట్టుకుని థైరాక్సిన్ అనే టీ4ను, అంతకంటే తక్కువ మోతాదులో టీ3ని తయారు చేస్తుంది. శరీరంలోని దాదాపు ప్రతి కణం ఎంత వేగంగా పనిచేయాలో ఈ హార్మోన్లు నిర్ణయిస్తాయి. వీటి తయారీకి పగ్గం మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి చేతిలో ఉంటుంది. అది టీఎస్‌హెచ్ అనే హార్మోన్‌తో థైరాయిడ్‌ను పనిచేయమంటుంది. రక్తంలో టీ4, టీ3 పెరిగితే టీఎస్‌హెచ్‌ను తగ్గిస్తుంది, అవి తగ్గితే పెంచుతుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో ఈ సర్దుబాటు రాత్రింబవళ్లు జరుగుతూనే ఉంటుంది.

ఈ పగ్గం తెగినప్పుడు శరీరం విశ్రాంతిలోనూ పరుగెత్తుతున్నట్టు ఖర్చవుతుంది. నాడి వేగం పెరుగుతుంది. ఆకలి పెరిగినా కండ తరుగుతుంది. చెమట ఎక్కువ పోస్తుంది, విరేచనాలు పెరుగుతాయి, ఆడవారిలో నెలసరి తగ్గుతుంది లేదా తప్పుతుంది. కొందరిలో మెడ ముందు వాపు కనిపిస్తుంది. గ్రేవ్స్ వ్యాధి అనే రకంలో కొందరికి కళ్లు ముందుకు పొడుచుకొస్తాయి. చాలాకాలం పట్టించుకోకపోతే గుండె లయ తప్పుతుంది, ఎముకలు గుల్లబారుతాయి. వృద్ధులలో ఈ లక్షణాలు తలకిందులు కావచ్చు. హడావుడి బదులు నీరసం, నిరాసక్తత, బరువు తగ్గడం మాత్రమే కనిపిస్తే 'వయసు మీద పడింది' అని ఇంట్లోవాళ్లు సరిపెట్టుకుంటారు. రోగం రోగంలా కనిపించకపోవడం దీని మొదటి ప్రమాదం. పడుచువారిలో స్వభావంలా, ముసలివారిలో వయసులా కనిపించి, అది వైద్యుడి దగ్గరికి చేరడానికి ఆలస్యమవుతుంది.

రోగహేతువు

రక్తంలో ఈ హార్మోన్ హద్దు మీరడానికి కారణం ఒకటి కాదు. అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది గ్రేవ్స్ వ్యాధి. బయటి క్రిములతో పోరాడవలసిన రోగనిరోధక వ్యవస్థ పొరపాటున ఒక రకం యాంటీబాడీలను తయారు చేస్తుంది. అవి థైరాయిడ్ కణాల మీద టీఎస్‌హెచ్ వచ్చి అతుక్కునే చోటికే చేరి, టీఎస్‌హెచ్ ఇవ్వవలసిన ఆజ్ఞను అవే ఇస్తాయి. పిట్యూటరీ తన ఆజ్ఞను పూర్తిగా ఆపేసినా, ఈ దొంగ ఆజ్ఞ ఆగదు.

రెండో రకంలో గ్రంథిలో ఏర్పడిన గడ్డలు ఎవరి ఆజ్ఞా లేకుండా స్వతంత్రంగా హార్మోన్ తయారు చేస్తాయి. ఒకే గడ్డ కావచ్చు, చాలా గడ్డలు కావచ్చు. ఇది వయసు పైబడినవారిలో ఎక్కువ. మూడో రకం థైరాయిడైటిస్, అంటే గ్రంథిలో వాపు. ఇక్కడ తయారీ పెరగదు. వాపు వల్ల కణాలు దెబ్బతిని, ముందే నిల్వ ఉన్న హార్మోన్ ఒక్కసారిగా రక్తంలోకి కారుతుంది. ఇది కాన్పు తర్వాతి నెలల్లో కొందరు తల్లులకు, వైరస్ జ్వరాల తర్వాత మరికొందరికి వస్తుంది. చాలామందిలో కొన్ని వారాల్లో, నెలల్లో తగ్గిపోతుంది, కొందరిలో తర్వాత థైరాయిడ్ తక్కువయ్యే దశకు దారి తీస్తుంది. ఇవి కాక అయోడిన్ అతిగా చేరడం, గుండె లయ తప్పినప్పుడు వాడే అమియోడరోన్ మందు, థైరాయిడ్ మాత్రలను మోతాదు మించి వేసుకోవడం కూడా కారణాలే.

ఈ జ్ఞానం ఒక్కరోజులో వచ్చింది కాదు. ఇంగ్లండులో బాత్ నగర వైద్యుడు కేలెబ్ పారీ గుండె దడ, మెడ వాపు, కళ్ల మార్పు కలిసి కనిపించిన రోగులను గమనించాడు. ఆయన రాతలు ఆయన మరణం తర్వాత 1825లో వెలుగు చూశాయి. డబ్లిన్‌లో రాబర్ట్ గ్రేవ్స్ 1835లో, జర్మనీలో కార్ల్ ఫాన్ బాసెడో 1840లో ఇదే వ్యాధిని వివరించారు. పారీ రోగులలో ఒక యువతికి చక్రాల కుర్చీ నుంచి పడి భయపడిన తర్వాత ఈ లక్షణాలు మొదలయ్యాయి. భయం, దుఃఖం, నరాల బలహీనత ఈ రోగాన్ని తెస్తాయన్న అభిప్రాయం ఆ తర్వాత చాలాకాలం నిలిచింది. 1956లో న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో డంకన్ ఆడమ్స్, హెర్బర్ట్ పర్వెస్ గ్రేవ్స్ రోగుల రక్తంలో థైరాయిడ్‌ను చాలాసేపు ఉద్దీపింపజేసే ఒక పదార్థాన్ని కనుగొన్నారు. అది యాంటీబాడీ అని తర్వాత తేలింది. మనసు బలహీనత మీద పడిన నింద ఆ విధంగా రక్తంలోని ఒక ప్రోటీన్ మీదికి మళ్లింది. అయినా తీవ్రమైన మానసిక ఒత్తిడికి ఈ వ్యాధి మొదలుకావడంతో సంబంధం ఉండవచ్చన్న పరిశీలన పూర్తిగా పోలేదు. ఒత్తిడి ఒంటరిగా రోగాన్ని పుట్టించదు, సిద్ధంగా ఉన్న దేహంలో దానికి దోహదం చేయవచ్చు.

ఒక్క కారణమా, కారణాల కూడికా?

న్యాయవైశేషిక దర్శనాలు కారణాన్ని మూడుగా విడదీశాయి. కుండకు మట్టి సమవాయి కారణం. ఆ మట్టి ముక్కల కలయిక అసమవాయి కారణం. కుమ్మరి, చక్రం, కర్ర నిమిత్త కారణాలు. వీటిలో ఏ ఒక్కటీ ఒంటరిగా కుండను చేయలేదు. అన్నీ కూడిన స్థితిని నైయాయికులు కారణసామగ్రి అన్నారు. సామగ్రి పూర్తి అయినప్పుడే కార్యం పుడుతుంది.

గ్రేవ్స్ వ్యాధిని ఈ కొలతతో చూస్తే స్పష్టంగా అర్థమవుతుంది. ఇది కుటుంబాల్లో నడుస్తుంది, కాబట్టి వంశపారంపర్యం ఒక కారణం. కానీ ఒకే జన్యువులున్న కవలల్లో ఒకరికి వచ్చినంత మాత్రాన రెండోవారికి తప్పక రాదు. చాలా జంటల్లో ఒకరికే వస్తుంది. ఆడవారిలో మగవారికంటే అనేక రెట్లు ఎక్కువ కాబట్టి శరీరధర్మం మరొక కారణం. కాన్పు తర్వాతి కాలం, పొగతాగడం, అయోడిన్ మోతాదు ఇంకొన్ని. పొగతాగడం కంటి జబ్బు ముదిరే ప్రమాదాన్ని బాగా పెంచుతుంది. వీటిలో దేనినీ 'ఇదే కారణం' అని వేలు పెట్టి చూపలేము, దేనినీ లెక్కలోంచి తీసేయలేము.

అయోడిన్ చరిత్ర ఈ మాటకు మంచి ఉదాహరణ. శ్రీకాకుళంలో పుట్టిన వైద్య శాస్త్రవేత్త వులిమిరి రామలింగస్వామి బృందం 1956 నుంచి హిమాలయ పాదాల్లోని కాంగ్రా లోయలో అధ్యయనం చేసి, ఉప్పులో అయోడిన్ కలిపి ఇస్తే మెడ వాపులు తగ్గుతాయని రుజువు చేసింది. 1962లో దేశవ్యాప్తంగా మొదలైన గాయిటర్ (మెడ వాపు) నివారణ కార్యక్రమానికి ఆ పని పునాది అయింది. అక్కడ అయోడిన్ లేమి రోగహేతువు, అయోడిన్ మందు. ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో 1966లో అదే మంచి ఉద్దేశంతో రొట్టెలో అయోడిన్ కలిపినప్పుడు కొంతకాలం హైపర్‌థైరాయిడిజం కేసులు పెరిగాయి. ఏళ్ల తరబడి అయోడిన్ అందక గడ్డలు కట్టిన ముసలి గ్రంథులు, అందిన అయోడిన్‌ను అదుపు లేకుండా హార్మోన్‌గా మార్చుకున్నాయి. పదార్థం ఒకటే. ఒకచోట అది మందు అయింది, మరోచోట కొందరికి రోగహేతువు అయింది. ఏ వస్తువూ తనంతట తానుగా కారణం కాదు, పరిస్థితులతో కలిసినప్పుడే అవుతుంది. బౌద్ధులు ప్రతీత్యసముత్పాదం అన్న మాటలో చెప్పేది ఇదే: ఇది ఉంటే అది ఉంటుంది, ఇది లేకపోతే అది ఉండదు.

కర్మ మాట

తెలుగు ఇళ్లలో రోగం రాగానే వినిపించే మాట 'చేసుకున్నవారికి చేసుకున్నంత'. పూర్వజన్మలో చేసిన పాపమే వ్యాధి రూపంలో పీడిస్తుందని చెప్పే సంస్కృత శ్లోకం ఒకటి బాగా ప్రచారంలో ఉంది. దాని మొదటి సగమే అందరి నోటా ఆడుతుంది. రెండో సగం ఆ వ్యాధి ఎలా శాంతిస్తుందో చెబుతుంది. అక్కడ దానం, జపం, హోమం, దేవతార్చన అన్నిటికంటే ముందు పేర్కొన్నది ఔషధాన్ని. పాపమే కారణమని నమ్మినవారు కూడా ఔషధాన్ని మొదటి మెట్టుగా పెట్టారు. కర్మను నమ్మడానికీ మందు మానడానికీ సంబంధం లేదని ఆ శ్లోకమే సాక్ష్యం.

చరకసంహిత విమానస్థానంలో అగ్నివేశుడు తన గురువు ఆత్రేయుణ్ణి అడుగుతాడు: మనిషి ఆయువు ముందే నిర్ణయమైనదా? దానికి ఆత్రేయుడు దైవం, పురుషకారం అని రెంటినీ చెబుతాడు. వెనకటి దేహంలో చేసినది దైవం, ఈ దేహంతో చేసేది పురుషకారం. రెంటిలో బలమైనది బలహీనమైనదాన్ని అణుస్తుంది. అంతా ముందే రాసిపెట్టి ఉంటే మందులు, పథ్యాలు, జాగ్రత్తలు అన్నీ వృథా కావాలి, అవి వృథా కావడం లేదన్నది లోకం చూస్తున్నదే అన్నది అక్కడి వాదన సారం. యోగవాసిష్ఠం ఈ రెంటినీ ఢీకొట్టుకునే రెండు పొట్టేళ్లతో పోలుస్తుంది. బలమున్నది గెలుస్తుంది, కాబట్టి ఈనాటి ప్రయత్నాన్ని బలంగా చేయమంటుంది.

పాళీ వాఙ్మయంలో సంయుత్త నికాయంలోని మోలియసీవక సూత్రం ఇంకా సూటిగా మాట్లాడుతుంది. మనిషి అనుభవించే సుఖదుఃఖాలన్నీ పూర్వకర్మ ఫలితాలేనని కొందరు శ్రమణులు చెబుతున్నారు, మీరేమంటారు అని సీవకుడు అనే వ్యక్తి బుద్ధుణ్ణి అడుగుతాడు. బుద్ధుడు ఎనిమిది కారణాలు ఎంచుతాడు: పిత్తం, శ్లేష్మం, వాతం, మూడింటి కలయిక, ఋతువుల మార్పు, తన ఒంటిని తాను సరిగా చూసుకోకపోవడం, బయటినుంచి పడిన దెబ్బ, కర్మఫలం. కర్మ ఎనిమిదింటిలో ఒకటి మాత్రమే. అన్నిటినీ దాని ఖాతాలో వేసేవారు తమకు తెలిసినదాన్నీ, లోకం ఎరిగినదాన్నీ దాటి మాట్లాడుతున్నారని బుద్ధుడి తీర్పు. క్రైస్తవ సువార్తలలో యోహాను రాసినదానిలోనూ ఇలాంటి ఘట్టం ఉంది. పుట్టుగుడ్డివాణ్ణి చూసి పాపం చేసింది ఇతడా, ఇతని తల్లిదండ్రులా అని శిష్యులు అడిగితే, ఇద్దరూ కాదని యేసు చెబుతాడు.

గ్రేవ్స్ వ్యాధిలోనే ఈ ప్రశ్నను పదునుగా పెట్టే సందర్భం ఉంది. వ్యాధి ఉన్న తల్లి యాంటీబాడీలు మావి గుండా బిడ్డకు చేరితే, కొందరు పసికందులు గుండె వేగంతో, నిలవని బరువుతో పుడతారు. బిడ్డ రక్తంలోంచి తల్లి యాంటీబాడీలు కొన్ని నెలల్లో తొలగిపోగానే రోగమూ పోతుంది. ఆ పసిప్రాణం ఏ తప్పూ చేయలేదు, తల్లీ చేయలేదు. ముందే గుర్తిస్తే చికిత్స ఉంది. ఇక్కడ కారణం పూర్తిగా తెలుసు, నేరం మాత్రం ఎక్కడా లేదు. జన్మాంతర కర్మను నమ్మేవారికి ఆ నమ్మకం లోకపు అసమానతలకు ఒక అర్థం ఇస్తుంది, ఓర్పు ఇస్తుంది. దాన్ని తన బాధ ఓర్చుకోవడానికి వాడుకోవడం సాధన. ఎదుటివారి బాధకు తీర్పుగా వాడడం క్రౌర్యం. అలా నింద పడిన రోగి తన లక్షణాలను దాచుకుంటుంది, పెళ్లి సంబంధాల భయంతో పరీక్షలు వాయిదా వేస్తుంది. ఆ ఆలస్యంలో గుండె, కళ్లు మూల్యం చెల్లిస్తాయి.

రోగి ఎవరు?

మండిపడుతున్నది నేనా, నా గ్రంథా అన్న రెండో ప్రశ్న ఇంకా లోతైనది. హార్మోన్ పెరిగినప్పుడు శాంతంగా ఉండే మనిషి చిన్న మాటకు విరుచుకుపడతాడు, కారణం లేకుండా కన్నీళ్లు పెట్టుకుంటాడు, ఒక పని మీద నిలవలేడు. హార్మోన్ తగ్గగానే మళ్లీ పాత మనిషి కనిపిస్తాడు. కొన్ని గ్రాముల కండ ఇంత చేయగలిగితే, స్వభావం అనేది ఉందా?

చార్వాకులు దీనికి సిద్ధంగా ఉన్న సమాధానం ఇస్తారు. పిండి, బెల్లం పులిస్తే మత్తు పుట్టినట్టు, భూతాలు కూడితే చైతన్యం పుడుతుంది, దేహమే మనిషి. గ్రంథి పనితీరు వారి వాదానికి బలమైన ఆధారంలా కనిపిస్తుంది. న్యాయసూత్రాల ప్రకారం ఇచ్ఛ, ద్వేషం, ప్రయత్నం, సుఖం, దుఃఖం, జ్ఞానం ఆత్మను గుర్తుపట్టే లక్షణాలు. అప్పుడు ఒక హార్మోన్ వల్ల ద్వేషం పెరిగితే ఆత్మే మారినట్టవుతుందా అన్న ఇబ్బంది వస్తుంది. ఆ గుణాలు పుట్టడానికి మనసు, ఇంద్రియాలు, దేహం తోడు కావాలని నైయాయికులు జవాబిస్తారు.

ఉపనిషత్తులు ఈ విషయంలో దేహాన్ని తక్కువ చేయలేదు. ఛాందోగ్యంలో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతుతో పదిహేను రోజులు తిండి మాన్పిస్తాడు, నీళ్లు మాత్రం తాగనిస్తాడు. ఆ తర్వాత వేదం చెప్పమంటే శ్వేతకేతుకు ఏదీ గుర్తుకు రాదు. అన్నం తినగానే అన్నీ గుర్తొస్తాయి. మనసు అన్నమయమని ఆ తండ్రి చేసి చూపిన ప్రయోగం అది. జ్ఞాపకం తిండి మీద ఆధారపడినట్టే నిలకడ హార్మోన్ మీద ఆధారపడుతుందని అంటే ఆ తండ్రికి ఆశ్చర్యం కలిగేది కాదు. స్విట్జర్లాండ్‌లోని బెర్న్ నగరంలో శస్త్రవైద్యుడు థియోడర్ కోచర్ దీని రెండో వైపును చూశాడు. మెడ వాపుకు గ్రంథిని మొత్తం తీసేసిన తన రోగులలో చాలామంది మందకొడిగా, మొద్దుగా మారిపోయారని 1883లో ఆయన స్వయంగా ప్రకటించాడు. అప్పటికి ఆ గ్రంథి పని ఏమిటో లోకానికి సరిగా తెలియదు. తన చేతి పని తెచ్చిన చెడును దాచకుండా చెప్పి, గ్రంథిని పూర్తిగా తీయడం మానేశాడు. థైరాయిడ్‌పై ఆయన చేసిన పనికి 1909లో నోబెల్ బహుమతి వచ్చింది.

సాంఖ్యం, వేదాంతం ఈ చిక్కును మరోలా విప్పుతాయి. కోపం, ఆందోళన, ఆలోచన అన్నీ ప్రకృతిలో భాగమైన అంతఃకరణానివి. వాటిని చూస్తున్నది వేరు. బ్రహ్మసూత్ర భాష్యానికి పీఠికగా రాసిన అధ్యాస ప్రకరణంలో శంకరుడు మనిషి దేహధర్మాలను తనకు అంటగట్టుకుని నేను లావు, నేను సన్నం అంటాడని, ఇంద్రియాల ధర్మాలతో నేను చెవిటివాణ్ణి అంటాడని, అంతఃకరణ ధర్మాలైన కోరికను, సందేహాన్ని కూడా తనవే అనుకుంటాడని వివరిస్తాడు. 'నేను కోపిష్టిని' అనే బదులు 'ఈ ఒంట్లో ఇప్పుడు కోపం పుడుతోంది' అని చూడగలిగిన రోగికి ఆ వివేకం చేతికందిన మందు. తత్త్వం ఏదైనా కానీ, ఆ చూపు వల్ల అపరాధభావం తగ్గుతుంది, సహాయం అడిగే ధైర్యం వస్తుంది.

అంటే బాధ్యత పోయిందని కాదు. గ్రంథి కోపాన్ని రగిలించవచ్చు, మాట జారిన తర్వాత దాన్ని సరిదిద్దుకునే పని మనిషిదే. జబ్బు సంగతి తెలియనప్పుడు జరిగినదానికి ఇంట్లోవారు క్షమించాలి, తెలిసిన తర్వాత మందు సరిగా వేసుకోవడం రోగి ధర్మం. కోడలిని గయ్యాళి అనీ, విద్యార్థిని శ్రద్ధ లేనివాడనీ, ఉద్యోగిని ఓపిక లేనిదనీ ముద్ర వేసే ముందు ఒక్క రక్తపరీక్ష చేయించడం కుటుంబం చేయగల న్యాయం.

ఆరోగ్యం

సుశ్రుతుడు ఆరోగ్యవంతుణ్ణి నిర్వచిస్తూ దోషాలు, అగ్ని, ధాతువులు, విసర్జన సమంగా ఉండడంతో ఆగలేదు. ఆత్మ, ఇంద్రియాలు, మనసు ప్రసన్నంగా ఉండాలని కూడా చేర్చాడు. థైరాయిడ్ విషయంలో ఈ రెండో షరతు చాలా ముఖ్యం. చికిత్స మొదలైన కొన్ని వారాలకు టీ4, టీ3 మామూలు స్థాయికి వస్తాయి. టీఎస్‌హెచ్ అంతకంటే నెమ్మదిగా, కొన్నిసార్లు నెలల తర్వాత లేస్తుంది. నిద్ర, కండబలం, మనసు నెమ్మది ఇంకా వెనక వస్తాయి. కాగితం మీద అంకెలు సరిపోయినంత మాత్రాన 'ఇంకేం, బాగానే ఉన్నావుగా' అనడం తొందరపాటు.

ఆయుర్వేదం వ్యాధులను సాధ్యాసాధ్యాల లెక్కన విభజించి, మధ్యలో యాప్యం అనే తరగతిని పెట్టింది. పూర్తిగా పోకపోయినా, చికిత్స సాగినంతకాలం అదుపులో ఉండి, మనిషిని హాయిగా బతకనిచ్చే వ్యాధి యాప్యం. ఆరోగ్యం అంటే మందు అక్కర్లేని స్థితి మాత్రమే అన్న భ్రమను ఈ ఒక్క మాట తొలగిస్తుంది. దేహం రోజూ అన్నం మీద, నీటి మీద, గాలి మీద ఆధారపడే ఉంది. ఆ జాబితాలో ఒక చిన్న మాత్ర చేరడం ఓటమి కాదు.

భైషజ్యం

హేతువు తెలియనిదే మందు లేదన్న సూత్రం ఈ వ్యాధిలో అక్షరాలా నిజం. పైకి లక్షణాలు ఒకటే అయినా, గ్రంథి ఎక్కువ తయారు చేస్తుంటే తయారీని ఆపే మందు పనిచేస్తుంది. థైరాయిడైటిస్‌లో నిల్వ కారుతోంది కాబట్టి అదే మందు నిరుపయోగం. అందుకే టీఎస్‌హెచ్, టీ4, టీ3 చూశాక యాంటీబాడీ పరీక్ష, అవసరమైతే గ్రంథి ఎంత అయోడిన్‌ను పట్టుకుంటోందో చూపే స్కాన్ చేస్తారు. జుట్టు, గోళ్ల కోసం వాడే బయోటిన్ మాత్రలు కొన్ని పరీక్షల ఫలితాలను తారుమారు చేస్తాయి కాబట్టి వాటి సంగతి వైద్యుడికి ముందే చెప్పాలి.

గుండె దడ, వణుకు వెంటనే తగ్గడానికి ప్రొప్రానలాల్ వంటి మందులు ఇస్తారు. ఉబ్బసం ఉన్నవారికి ఇవి పడవు. హార్మోన్ తయారీని ఆపడానికి కార్బిమజోల్, మెథిమజోల్ వాడతారు. ఎడ్విన్ ఆస్ట్‌వుడ్ 1943లో ఈ తరహా మందులకు దారి తెరిచాడు. గ్రంథిలో నిల్వ ఉన్న హార్మోన్ ఖర్చయ్యేదాకా ఫలితం కనిపించదు, దానికి కొన్ని వారాలు పడుతుంది. గ్రేవ్స్ వ్యాధిలో సాధారణంగా 12 నుంచి 18 నెలలు వాడి ఆపి చూస్తారు. దాదాపు సగం మందిలో వ్యాధి తిరగబెడుతుంది. వెయ్యిమందిలో ఇద్దరి నుంచి ఐదుగురికి ఈ మందు తెల్ల రక్తకణాలను ప్రమాదకరంగా తగ్గిస్తుంది. మందు వాడుతుండగా జ్వరం, గొంతు నొప్పి వస్తే మాత్ర ఆపి, అదే రోజు రక్తపరీక్ష చేయించుకుని వైద్యుణ్ణి కలవాలి. కళ్లు పచ్చబడినా అంతే. గర్భం తొలి నెలల్లో కార్బిమజోల్ బదులు ప్రొపైల్‌థయోయురాసిల్ ఇస్తారు, కాబట్టి గర్భం కోరుకునేవారు ముందే మాట్లాడుకోవాలి.

రెండో దారి రేడియో అయోడిన్. బోస్టన్‌లో సాల్ హెర్ట్జ్ 1941లో దీన్ని మొదటిసారి రోగికి ఇచ్చాడు. మామూలు అయోడిన్‌కూ, కిరణాలు వెదజల్లే అయోడిన్‌కూ గ్రంథి తేడా పట్టలేదు. తానే లోపలికి తీసుకున్న ఆ అయోడిన్ వల్ల దాని అతిచురుకైన కణాలు నశిస్తాయి. ఇప్పుడు వాడేది సుమారు 8 రోజుల అర్ధాయువు గల అయోడిన్ 131. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు ఇవ్వకూడదు. తీసుకున్న ఆడవారు కనీసం 6 నెలలు గర్భం రాకుండా చూసుకోవాలి. కంటి జబ్బు తీవ్రంగా ఉన్నవారిలో అది ముదిరే అవకాశం ఉంది. మూడో దారి శస్త్రచికిత్స. పెద్ద వాపు ఉన్నప్పుడు, గడ్డ మీద అనుమానం ఉన్నప్పుడు, మిగిలిన దారులు కుదరనప్పుడు ఇది మేలు. స్వరపేటిక నరం, కాల్షియంను అదుపు చేసే పారాథైరాయిడ్ గ్రంథులు పక్కనే ఉంటాయి కాబట్టి అనుభవం ఉన్న చేయి కావాలి. గ్రంథిని పూర్తిగా తీసేసినవారికి, రేడియో అయోడిన్ తీసుకున్నవారిలో చాలామందికి తర్వాత థైరాయిడ్ తక్కువవుతుంది. అప్పుడు రోజూ పరగడుపున థైరాక్సిన్ మాత్ర వేసుకోవాలి. ఎక్కువను తక్కువ చేసి, ఆ తక్కువను కొలిచి పూరించడం ఇక్కడి పద్ధతి.

చరకుడు చికిత్సను మూడుగా చెప్పాడు. ప్రార్థన, వ్రతం, దానం దైవవ్యపాశ్రయం. ఆహారౌషధాల యోజన యుక్తివ్యపాశ్రయం. మనసును అహితం నుంచి మళ్లించడం సత్త్వావజయం. వీటిని ఒకదాని స్థానంలో ఒకటి పెట్టలేదు, పక్కపక్కన నిలిపాడు. మొక్కు ధైర్యాన్నిస్తుంది, ధ్యానం, నెమ్మదైన శ్వాస కలవరాన్ని తగ్గిస్తాయి. యాంటీబాడీని మాత్రం అవి తొలగించవు. ఉపవాస దీక్షల్లో మాత్ర మానేయడం దైవభక్తి కిందికి రాదు. రంజాన్ ఉపవాసం నుంచి రోగులకు ఖురాన్ మినహాయింపు ఇచ్చింది. మాత్ర ఒక్కసారిగా ఆపేస్తే, లేదా చికిత్స లేని రోగికి పెద్ద జ్వరమో శస్త్రచికిత్సో తోడైతే, థైరాయిడ్ స్టార్మ్ అనే ప్రాణాపాయ స్థితి రావచ్చు. విపరీతమైన జ్వరం, గుండె వేగం, మతి తప్పడం దాని గుర్తులు. అప్పుడు క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి చేర్చాలి.

చికిత్సకు నాలుగు పాదాలని కూడా చరకుడే అన్నాడు: వైద్యుడు, మందు, పరిచారకుడు, రోగి. రోగికి ఉండవలసిన గుణాలుగా జ్ఞాపకం, చెప్పినట్టు చేయడం, నిర్భయత, తన బాధను ఉన్నదున్నట్టు చెప్పగలగడం పేర్కొన్నాడు. ఈ నాలుగు గుణాలూ నింద పడిన చోట నిలవవు. భయపడ్డ రోగి లక్షణాలను దాస్తుంది, సిగ్గుపడ్డ రోగి మాత్రను దాస్తుంది. కాబట్టి నేరాన్ని కారణం నుంచి విడదీయడం దయ మాత్రమే కాదు, చికిత్సలో ఒక భాగం.

వ్యాధి అణిగిన తర్వాత కూడా కొన్నేళ్లపాటు రక్తపరీక్షలు సాగాలి. గ్రేవ్స్ వ్యాధిలో మాత్రలు ఆపిన దాదాపు సగం మందికి అది తిరిగి వస్తుంది. వచ్చిన రోజున 'మళ్లీ నేనేం పాపం చేశాను' అన్న పాత ప్రశ్నా తిరిగి వస్తుంది. ఆ రోజు కూడా దాని జవాబు మొదలయ్యేది ఒక రక్తపరీక్షతోనే.